బస్సు టికెట్ రీఫండ్ ఇస్తామని ఫోన్లు: అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలి?

పాలకొల్లు_అబ్బాయి:
పండగకి హైదరాబాద్ నుంచి పాలకొల్లుకి తీసిన ప్రైవేటు బస్సు టికెట్ క్యాన్సిల్ అయ్యిందండి. 1,450 రావాలి. నాన్నగారు ఫేస్‌బుక్‌లో బస్సు వాళ్ల పోస్టు కింద ఫోన్ నంబరుతో సహా కామెంట్ పెట్టారు. కాసేపటికే కస్టమర్ కేర్ అంటూ ఒకడు చక్కటి తెలుగులో మాట్లాడి, వాట్సాప్‌లో "రీఫండ్ ఫారం" పంపాడు. ట్రూకాలర్‌లో కంపెనీ పేరే చూపిస్తోంది. ఫైలు ఇంకా తెరవలేదు. మళ్లీ చేస్తే ఏమనాలి?

కోనసీమ_కొబ్బరి:
ముందు ఆ కామెంట్ తీసేయించండి. అది ఉన్నంతసేపూ ఒకడు కాకపోతే ఇంకొకడు చేస్తూనే ఉంటాడు. వీళ్లు ఇలాంటి ఫిర్యాదుల కోసమే కాచుకుని కూర్చుంటారు. ట్రూకాలర్ పేరును నమ్మొద్దండి, ఎవడైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

ఫైలు పేరు చివర చూడండి. ఏపీకే అని ఉంటే అది ఫారం కాదు, యాప్. ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చారంటే ఓటీపీలు మీకంటే ముందు వాడికే చేరతాయి.

అసలు రీఫండ్‌కి మీరు చెయ్యాల్సిన పనేమీ ఉండదు. డబ్బు ఏ దారిన వెళ్లిందో ఆ దారినే వెనక్కి వస్తుంది. మళ్లీ ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి: "రీఫండ్ వేశారా? అయితే యూపీఐ రిఫరెన్స్ నంబరు చెప్పండి." అది 12 అంకెలు. టికెట్‌కి యూపీఐలో కట్టి ఉంటే, నిజంగా రీఫండ్ వేస్తే ఆ నంబరు ఉండి తీరుతుంది. నోటికొచ్చిన 12 అంకెలు చెప్పినా ఫర్వాలేదు, రాసుకుని బ్యాంకులో చూపిస్తే తేలిపోతుంది. సాధారణంగా ఈ ప్రశ్నకే "సర్వర్ డౌన్" అంటాడు.

భీమవరం_చేపలు:
పెద్దవాళ్లు ఎక్కువగా పడేది ఇంకోదాంట్లోనండి. యాప్‌లో పేమెంట్ పేజీ తెరిపించి, "రీఫండ్ కోడ్ 18950 కొట్టండి" అంటాడు. ఆ కోడ్ కొట్టించేది అమౌంట్ గడిలో! ముందు రూపాయి గుర్తు ఉన్నా, కోడ్ అనేసరికి ఎవరి కళ్లకీ ఆనదు. తర్వాత "కన్ఫర్మ్ చెయ్యడానికి పిన్" అంటాడు. పిన్ కొట్టగానే 18,950 పోయినట్టే. క్యూఆర్ స్కాన్ చేయించినా కథ అక్కడికే వస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఈ ఒక్క ముక్క నాన్నగారికి బుర్రకెక్కిస్తే చాలు.

"పొరపాటున 14,500 వేశాం, మిగతాది తిప్పి పంపండి" అనేవాడు కూడా ఉంటాడు. పడినట్టు మెసేజ్ కూడా వస్తుంది, కానీ మామూలు పదంకెల నంబరు నుంచి. మెసేజ్ వదిలేసి బ్యాలెన్స్ చూడండి.

రాజోలు_రాంబాబు:
ఇలాంటోళ్లని గంటసేపు లైన్లో పెట్టి ఆడుకుంటే సరదాగా ఉంటుంది కదండీ, ఆయ్!

కోనసీమ_కొబ్బరి:
వద్దండి రాంబాబు గారూ. వాడి దగ్గర మన నంబరు, పేరు, ప్రయాణం వివరాలు ఉన్నాయి. నంబరు తీసుకుని సంచార్ సాథీలో (కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్) చక్షు అనే చోట రిపోర్ట్ కొట్టండి, వాడికి అదే ఎక్కువ నొప్పి.

తణుకు_టెక్:
ఎవరైనా ఆ యాప్ ఇప్పటికే వేసేసి ఉంటే ఈ వరసలో చెయ్యండి. నెట్ ఆపేసి, సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వెయ్యండి. అందులో నుంచి ##002# కొట్టండి, కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. వాడు కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే అది నెట్‌వర్క్‌లో ఉంటుంది కాబట్టి, ఫోన్ మార్చినంత మాత్రాన పోదు. ఈ మోసగాళ్లు *401* తర్వాత ఒక నంబరు కొట్టమనేది మన కాల్స్ ఆ నంబరుకి మళ్లించుకోవడానికే.

తర్వాత ఏటీఎం కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. గూగుల్‌లో వెతికిన కస్టమర్ కేర్ నంబరుకి మాత్రం చెయ్యకండి, సగం మోసాలు అక్కడే మొదలవుతాయి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. మొత్తం, టైము, రిఫరెన్స్ నంబరు చేతిలో పెట్టుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు నాలుగైదు ఖాతాలు మారిపోయి, హోల్డ్ చెయ్యడానికి ఏమీ మిగలదు.

యాప్ అన్‌ఇన్‌స్టాల్ అవ్వకుండా మొండికేస్తే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి, అక్కడ దాని టిక్ తీసి, అప్పుడు తీసెయ్యండి.

బ్యాంకుకి రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. 2017 ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం, ఓటీపీ మనమే చెప్పినా, బ్యాంకుకి తెలిపాక జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే ఇచ్చిన టైముతో రసీదు అడిగి పుచ్చుకోండి.

పాలకొల్లు_అబ్బాయి:
కామెంట్ తీయించానండి. ఫైలు చివర ఏపీకే అనే ఉంది, డిలీట్ చేశాను. టికెట్ బుక్ చేసిన యాప్‌లో చూస్తే రీఫండ్ "ప్రాసెసింగ్" అని చూపిస్తోంది.

తణుకు_టెక్:
వాట్సాప్ నుంచి తీసినా ఫోన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉండొచ్చండి, అదీ చూడండి.