స్పెషల్ స్కూల్ మూసివేత ఉత్తర్వు కాపీ కోసం ఎవరికి అర్జీ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, తార్నాక. మా అబ్బాయికి 11 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డులో 75 శాతం అని రాశారు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే స్పెషల్ స్కూల్‌కి వెళ్తున్నాడు. జూన్ నుంచి స్కూల్ ఉండదని నోటిమాటగా చెప్పారు. రిజిస్ట్రేషన్ రద్దయిందని ఒకరు, గ్రాంటు రాక మేనేజ్‌మెంటే మూసేస్తోందని ఇంకొకరు అంటున్నారు.

ఏది నిజమో తేలడం మాకు చాలా ముఖ్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రద్దు చేసే ముందు సంస్థ వాదన వినాలి. రద్దు ఉత్తర్వు మీద సెక్షన్ 53 కింద అప్పీలు చేసుకోవచ్చు, కానీ దానికి గడువుంటుంది. మేనేజ్‌మెంట్ తనంతట తానే మూసేస్తే ఆ దారి లేదు.

స్కూల్‌కి లెటర్ ఇచ్చాం, జవాబు లేదు. సంక్షేమ విభాగం వాళ్లు విద్యాశాఖని అడగమన్నారు, అక్కడివాళ్లు మళ్లీ వెనక్కే పంపారు. ఆర్‌టీఐ కూడా వేశాం. 30 రోజుల గడువు దాటాక "మా వద్ద సమాచారం లేదు" అని ఒక్క ముక్క వచ్చింది. సంబంధిత ఆఫీసుకి 5 రోజుల్లో బదిలీ చేయాల్సిన దరఖాస్తు అది!

దగ్గర్లోని మామూలు బడిలో చేర్చమని సలహా ఇస్తున్నారు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా వాడికి మనిషి తోడు కావాలి, అక్కడ ఆయా లేదు. 6 నుంచి 18 ఏళ్ల వరకు మామూలు బడా, స్పెషల్ స్కూలా అన్నది ఎంచుకునే హక్కు దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 31లోనే ఉంది. ఇంట్లో అందరికీ ఇదే టెన్షన్.

తెలంగాణలో స్పెషల్ స్కూల్ రిజిస్ట్రేషన్ రద్దు ఉత్తర్వు కాపీ తల్లిదండ్రులు తీసుకోవాలంటే, ఏ అధికారి పేరున అర్జీ పెట్టాలి?