శాఖల లెక్కలు ఫోను లైనుపై పంపడానికి ఎక్స్‌టర్నల్ మోడెమ్ తప్పనిసరా? (ఫోను లైను మోడెములు వాడుకలో ఉన్న కాలం నాటి చర్చ)

తణుకు, బియ్యం మిల్లు కార్యాలయం:

సభ్యులందరికీ నమస్కారం. మాకు పెనుగొండ, ఆచంట, మార్టేరులలో ధాన్యం కొనుగోలు కేంద్రాలు ఉన్నాయి. రాత్రి పని ముగిశాక ప్రతి కేంద్రం నుంచి ఆ రోజు తూకాలు, రైతుల ఖాతాలు ఉన్న ఫైలును తణుకు కార్యాలయంలోని కంప్యూటరుకు నేరుగా ఫోను చేసి పంపాలన్నది మా ఏర్పాటు. మధ్యలో ఇంటర్నెట్ ఉండదు. జిప్ చేశాక ఫైలు ఒక మెగాబైటుకు మించదు. లెక్కల ప్రోగ్రాము డాస్‌లో (విండోస్‌కు ముందటి వ్యవస్థ) నడిచే ఫాక్స్‌ప్రో అనే డేటాబేసు భాషలో రాయించుకున్నది. కంప్యూటరు సమాచారాన్ని ఫోను లైనుపై పంపే పరికరమే మోడెమ్. దుకాణం వారు కంప్యూటరు లోపల బిగించే 56కె (సెకనుకు 56 వేల బిట్లు) మోడెమ్ కార్డులు చాలునంటున్నారు. మా ఆడిటరు గారు మాత్రం కంప్యూటరు బయట వేరే పెట్టెగా ఉండే ఎక్స్‌టర్నల్ మోడెమ్ తప్ప మరొకటి కొనవద్దని గట్టిగా చెబుతున్నారు. ఒక ఎక్స్‌టర్నల్ ధరకు మూడు కార్డులు వస్తాయి. కోతల రోజుల్లో ఒక్క రాత్రి లెక్క చేరకపోయినా మర్నాడు రైతులకు చెల్లింపులు నిలిచిపోతాయి కనుక ఖర్చుకు వెనుకాడము. అయితే ఆ అదనపు సొమ్ము దేనికి పెడుతున్నామో తెలుసుకుని పెట్టాలని ఉంది.

భీమవరం, రొయ్యల ఎగుమతి కార్యాలయం:

దుకాణం వారి మాటే నాకు సబబుగా తోస్తోంది. మా కార్యాలయంలో కొనుగోలుదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ లోపలి కార్డు మోడెముతోనే సాగుతున్నాయి. పాడైతే పక్క వీధిలో ఆ పూటే మరొకటి దొరుకుతుంది, అరగంటలో బిగించుకోవచ్చు. ఎక్స్‌టర్నల్ అయితే దానికి వేరే అడాప్టరు, వేరే సీరియల్ కేబులు, వేరే ప్లగ్గు కావాలి. వీటిలో ఏది వదులైనా పని ఆగుతుంది. పైగా కొన్ని ఎక్స్‌టర్నల్ మోడెములకు 9 వోల్టుల ఏసీ అడాప్టరే కావాలి. అది కాలిపోతే మన ఊళ్లలో దొరికేవన్నీ డీసీవే. ఖరీదైన వస్తువు ఒక్కటి కొని దానిమీదే ఆధారపడటం కన్నా, చవక వస్తువు రెండు కొని ఒకటి బీరువాలో పెట్టుకోవడం వ్యాపారానికి క్షేమమని నా అభిప్రాయం.

రాజోలు, కంప్యూటరు మరమ్మతులు:

భీమవరం వారు అడాప్టరు గురించి చెప్పింది అక్షరాలా నిజం, దాని సంగతి తరువాత రాస్తాను. అయితే తణుకు వారి పనికీ, భీమవరం వారి పనికీ ఉన్న తేడాను ముందు గమనించాలి.

మొదటి విషయం వేగం. మోడెముల వేగాలకు 1998లో ఖరారైన వి.90 ప్రమాణం ప్రకారం 56కె అనేది ఒక వైపు డిజిటల్ అనుసంధానం ఉన్నప్పుడే వస్తుంది. ఇంటర్నెట్ సంస్థ తన వైపు డిజిటల్ లైనుతో ఎక్స్‌ఛేంజికి కలిసి ఉంటుంది కనుక మన వైపుకు దిగుమతి (డౌన్‌లోడు) మాత్రమే ఆ వేగానికి దగ్గరగా సాగుతుంది. ఎగుమతి (అప్‌లోడు) అక్కడ కూడా 33.6కె మించదు. 2000లో వచ్చిన వి.92 ఎగుమతిని 48కె వరకు పెంచింది కానీ, అదీ అవతల ఇంటర్నెట్ సంస్థ సహకరిస్తేనే. ఆచంటలో ఒక మామూలు ఫోను లైను, తణుకులో ఒక మామూలు ఫోను లైను ఉన్నప్పుడు, రెండు పెట్టెల మీదా 56కె అని ఎంత పెద్ద అక్షరాలతో ముద్రించినా, వాటి మధ్య వచ్చేది అంతకు ముందటి ప్రమాణమైన వి.34 వేగమే, అంటే ఎక్కువలో ఎక్కువ 33.6కె. కనుక ఆ అంకెను చూసి ఎవరూ ఒక్క రూపాయి అదనంగా ఇవ్వనక్కరలేదు.

రెండో విషయం డాస్. నా దృష్టిలో మీ ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే ఉంది. దుకాణాలలో చవకగా అమ్ముతున్న పీసీఐ కార్డులలో (కంప్యూటరు లోపల బిగించేవి) అత్యధికం విన్‌మోడెములు. మోడెము చేయవలసిన పనిలో చాలా భాగాన్ని కార్డు మీది చిప్పులకు బదులు విండోస్ డ్రైవరు ద్వారా కంప్యూటరు ప్రాసెసరే చేస్తుంది. చవకకు కారణం అదే. డాస్‌లో విండోస్ డ్రైవరు ఉండదు కనుక మీ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముకు ఆ కార్డు ఉన్నట్లే తెలియదు. విండోస్ ఉన్న చోట కూడా ప్రాసెసరు వేరే పనిలో మునిగినప్పుడు మోడెము వెనకబడి లైను తెగడం నేను మరమ్మతుకు వెళ్లిన కార్యాలయాలలో చూస్తూనే ఉన్నాను. కార్డు రూపంలోనే పూర్తి హార్డ్‌వేరు మోడెములు కూడా ఉన్నాయి, అవి డాస్‌లో చక్కగా పనిచేస్తాయి. కానీ వాటి ధర ఎక్స్‌టర్నల్ ధరకు దగ్గరగానే ఉంటుంది కనుక ఇక ఆదా అనే మాట మిగలదు.

మూడోది రాత్రిపూట మనిషి లేని కంప్యూటరు. లోపలి కార్డు బిగుసుకుపోతే కంప్యూటరునే ఆపి వెయ్యాలి. ఎక్స్‌టర్నల్ బిగుసుకుపోతే దాని స్విచ్చి ఒక్కటి ఆపి వేస్తే సరిపోతుంది, కంప్యూటరులో నడుస్తున్న పని చెడదు. దాని ముందు భాగంలోని దీపాలను చూసి గుమస్తా కూడా ఫోనులో నాకు పరిస్థితి చెప్పగలడు. సీడీ దీపం (లైను కలిసి ఉందని చూపేది) వెలిగి ఉందా, ఆర్‌డీ దీపం (సమాచారం వస్తోందని చూపేది) మిణుకుతోందా అని అడిగితే లైను తెగిందో, అవతల ప్రోగ్రాము ఆగిందో ఇక్కడ కూర్చునే తేలిపోతుంది.

అయితే ఎక్స్‌టర్నల్ కొనే ముందు మీ కేంద్రాలలోని కంప్యూటర్ల సీరియల్ పోర్టులను (మోడెము కేబులు తగిలించే చోట్లను) చూడాలి. 486 ప్రాసెసరు ఉన్న పాత యంత్రాలలో 8250 లేదా 16450 అనే చిప్పు ఉంటే అది ఒక్కొక్క బైటునే పట్టుకోగలదు. వెనువెంటనే వచ్చే బైట్లు జారిపోవచ్చు. 16550ఎ చిప్పుకు 16 బైట్ల నిల్వ ఉంటుంది. ఆ చిప్పు లేని యంత్రానికి ఎంత మంచి మోడెము తగిలించినా పూర్తి ప్రయోజనం ఉండకపోవచ్చు.

భీమవరం, రొయ్యల ఎగుమతి కార్యాలయం:

డాస్ సంగతి నేను పట్టించుకోలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మిగిలిన వాదనలో నాకు అభ్యంతరం ఉంది. మన ప్రాంతంలో మోడెములను చంపుతున్నది విన్‌మోడెము స్వభావం కాదు, ఏప్రిల్, మే నెలల గాలివానల్లో పడే పిడుగులు. పిడుగుకు ఖరీదు తెలియదు. మా వీధిలోనే ఒక ఖరీదైన ఎక్స్‌టర్నల్ మోడెము మొదటి గాలివానకే పోయింది. కార్డు అయితే నష్టం మూడో వంతు.

రాజోలు, కంప్యూటరు మరమ్మతులు:

పిడుగు విషయంలోనే నేను ఎక్స్‌టర్నల్ వైపు మరింత గట్టిగా నిలబడతాను. ఫోను తీగ వెంట వచ్చిన విద్యుత్తు లోపలి కార్డును కాల్చినప్పుడు చాలాసార్లు మదర్‌బోర్డును కూడా తీసుకుపోతుంది. ఎక్స్‌టర్నల్ అయితే ముందు మోడెము, తరువాత ఒక్కొక్కసారి సీరియల్ పోర్టు పోతాయి. హార్డ్‌డిస్కులోని రైతుల ఖాతాలు మిగిలే అవకాశం చాలా ఎక్కువ. మోడెము ధరను మాత్రమే లెక్కవేసి నష్టం మూడో వంతు అనడం సరికాదు.

పాలకొల్లు, విశ్రాంత టెలిఫోను ఉద్యోగి:

మీరిద్దరూ మోడెముల గురించి వాదిస్తున్నారు. నేను మోడెముకు ఇవతల ఉన్న తీగ గురించి రాయదలచాను, ఎందుకంటే డెల్టాలో అసలు తగువంతా అక్కడే ఉంది. మన నేల ఏడాదిలో సగం కాలం తడిగానే ఉంటుంది. కాలవ గట్టు వెంట పోయే కేబులు జాయింటులోకి నీరు చేరితే మాటలకు పెద్ద ఇబ్బంది ఉండదు, కొంచెం గరగర వినిపిస్తుంది, అంతే. మోడెముకు ఆ గరగరే ప్రాణాంతకం. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి డీపీ పెట్టెలోని (లైన్లు ఇళ్లకు చీలే పెట్టె) బిగింపులు, ఇంట్లోని రోజెట్‌లో (గోడకు ఉండే ఫోను సాకెట్టు) స్క్రూలు పచ్చగా చిలుము పడతాయి.

కొనుగోలుకు ముందు ప్రతి కేంద్రంలో ఒక పరీక్ష చేయండి. ఫోను ఎత్తి ఏదైనా ఒక్క అంకె నొక్కితే డయల్ టోను ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి వినండి. ఏమీ వినిపించకపోతే లైను బాగున్నట్లు. సన్నని హోరు వినిపిస్తే కరెంటు తీగల ప్రభావమో, నేలలోకి కారడమో ఉన్నట్లు. టపటపమని శబ్దం వస్తే ఎక్కడో జాయింటు వదులుగా ఉన్నట్లు. ఈ పరీక్ష ఎండ కాసే రోజున ఒకసారి, వాన వెలిసిన మర్నాడు మరొకసారి చేయాలి. రెండూ ఒకేలా ఉంటేనే ఆ లైనును నమ్మవచ్చు. తేడా కనిపిస్తే మోడెము కొనే డబ్బు జేబులో ఉంచుకుని ముందు లైను ఫిర్యాదు రాయించండి.

మోడెము లైనుకు సమాంతరంగా మరో ఫోను ఉండకూడదు. మేడ మీద ఎవరో రిసీవరు ఎత్తిన క్షణంలో అప్పటిదాకా వచ్చిన ఫైలంతా ఆగిపోతుంది. లైను మీద కాల్ వెయిటింగ్ సదుపాయం ఉంటే తీయించండి. పిడుగుల రక్షణకు గ్యాస్ ట్యూబు ఉన్న రక్షణ పెట్టె వాడండి, కానీ దానిని ఎర్తుకు కలపకపోతే అది ఉన్నా లేనట్లే. మన తడినేలలో ఎర్తు సులభంగానే దొరుకుతుంది. తీరం వైపు ఉప్పుకు ఎర్తు పైపు తినేస్తుంది కనుక ఏటా చూసుకోవాలి. వీటన్నిటికన్నా నమ్మకమైనది, ఉరుము వినిపించగానే లైను తీగను రోజెట్ నుంచి పీకి పక్కన పెట్టడం.

రాజోలు, కంప్యూటరు మరమ్మతులు:

పెద్దలు రాసిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మోడెము ఎంపిక కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. వాన రోజుల్లో మన లైను ఎంత బాగుచేయించినా కొంత చెడుతుంది కనుక, చెడిన లైను మీద పట్టు వదలకుండా వేగం తగ్గించుకుని కొనసాగే మోడెము కావాలి. ఒక మెగాబైటు ఫైలు 33,600 వేగంతో నాలుగు నిమిషాల పైచిలుకులోనూ, 28,800 వేగంతో సుమారు అయిదు నిమిషాల్లోనూ చేరుతుంది. ఒక్కసారి లైను తెగి మళ్లీ డయల్ చేసి, రెండు మోడెములు పలకరించుకునేసరికి ఆ మిగులు కాలమంతా హరించుకుపోతుంది. అందుకే నేను బిగించే ప్రతి చోటా వేగానికి పై హద్దు పెడతాను. కొన్ని మోడెములలో ప్లస్ ఎంఎస్ (+MS) అనే ఆదేశంతో, యూఎస్ రోబోటిక్స్ వారి వాటిలో అండ్ ఎన్ (&N) అనే ఆదేశంతో ఈ హద్దు పెట్టవచ్చు. ఎస్10 రిజిస్టరు (మోడెము లోపల దాచే ఒక అమరిక) చాలా మోడెములలో 14 ఉంటుంది, అంటే 1.4 సెకన్లు శబ్దం మాయమైతే మోడెము ఫోను పెట్టేస్తుంది. దానిని 50కి పెంచితే చిన్న చిన్న అంతరాయాలను తట్టుకుంటుంది.

విదేశాల నుంచి తెచ్చిన మోడెములు మన డయల్ టోనును గుర్తించక డయల్ టోను లేదని మొరాయించడం మామూలే. మన టోను 400 హెర్ట్‌జ్ మీద 25 హెర్ట్‌జ్ మాడ్యులేషనుతో ఉంటుంది, అమెరికా వారిది 350, 440ల కలయిక. ఎక్స్3 ఆదేశం ఇస్తే టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.

కొనే ముందు దుకాణంలోనే ఒక పని చేయించండి. మోడెముతో ఏదైనా నంబరుకు కలిపి, కొద్దిసేపు నడిపి, ఫోను పెట్టాక ఏటీ అండ్ వి1 (AT&V1) అని టైపు చేయించండి. రాక్‌వెల్, కోనెక్సంట్ చిప్పులున్న మోడెములు ఆ కాలు ఎందుకు ముగిసింది, వేగం ఎంతదాకా వెళ్లి ఎంతకు దిగింది, ఎన్నిసార్లు లైనును మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది అన్నది తెర మీద చూపుతాయి. యూఎస్ రోబోటిక్స్ వాటిలో ఏటీఐ6 ఆ పని చేస్తుంది. ఇలా తన పని లెక్క చెప్పగలిగిన మోడెముకే నేను ఓటు వేస్తాను, ఎందుకంటే వర్షాకాలంలో గొడవ వచ్చినప్పుడు తప్పు లైనుదా, మోడెముదా అన్నది ఆ అంకెలే తేల్చాలి. బడ్జెటు సరిపోతే తణుకులో ఫోను ఎత్తే వైపు యూఎస్ రోబోటిక్స్ వారి కొరియర్ వి.ఎవ్రీథింగ్ మోడెము పెట్టండి, మూడు కేంద్రాలకూ సమాధానం చెప్పేది అదే కనుక ఖర్చంతా అక్కడ పెట్టడం న్యాయం.

తణుకు, బియ్యం మిల్లు కార్యాలయం:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం మూడు కేంద్రాలలోనూ పాలకొల్లు వారు చెప్పిన పరీక్ష చేయిస్తాము, వాన పడ్డాక మళ్లీ చేయిస్తాము. విన్‌మోడెముల ఆలోచన మానుకున్నాము. ఒక సందేహం మిగిలింది. మిల్లులో మోటార్లు వేసినప్పుడు వోల్టేజి బాగా దిగుతుంది, అప్పుడు ఎక్స్‌టర్నల్ మోడెము ఆగిపోదా? అడాప్టరు గురించి తరువాత రాస్తానన్నారు.

రాజోలు, కంప్యూటరు మరమ్మతులు:

ఆగిపోతుంది, అందుకే అడాప్టరును గోడ ప్లగ్గులో కాక కంప్యూటరుకున్న యూపీఎస్ వెనుక పెట్టండి. అడాప్టరు మీద ఏసీనా డీసీనా, ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు అన్నది చూసి సరిగ్గా అదే రకం ఇంకొకటి మోడెముతో పాటే కొనండి. పంపే ప్రోగ్రాము జెడ్ మోడెమ్ అనే ఫైలు పంపే పద్ధతి వాడుతోందో లేదో మీ ప్రోగ్రామరును అడగండి. అది తెగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టగలదు. ఎన్ని రింగులకు మోడెము తానే ఫోను ఎత్తాలో చెప్పే ఎస్0 రిజిస్టరు తణుకులో 1, కేంద్రాలలో 0 (ఎత్తవద్దని) ఉండాలి. లేకపోతే పగలు రైతులు చేసే ఫోన్లను మోడెమే ఎత్తి వారి చెవిలో కూత పెడుతుంది.