ఒకటో తరగతి నుంచే మొత్తం ఇంగ్లీషు: ఐదేళ్ల పాపను చేర్చే ముందు ఏం చూడాలి?

పెన్నా గట్టు (ప్రశ్న)

మాది కావలి. పాపకు మే నెలలో ఐదేళ్లు నిండుతాయి. ఇంట్లో, వీధిలో అంతా తెలుగే. పగలంతా అవ్వ దగ్గరే ఉంటుంది. మేం చూసొచ్చిన ఒక ప్రైవేటు బడిలో మొదటి రోజు నుంచీ క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట ఉండదన్నారు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని చెప్పారు. ఇంటికి దగ్గర్లో మున్సిపల్ బడి కూడా ఉంది, అక్కడ పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లను ఒక్కసారిగా ఇంగ్లీషులో దించితే అందుకుంటుందా? ఇంట్లో భాష మార్చుకోవాలా? బడికెళ్లి ఏం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది?

ఒంగోలు ఎస్జీటీ

అన్నా, ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చెబుతున్నా, ఇంట్లో భాష మాత్రం మార్చొద్దు. ఐదేళ్ల పిల్ల తెలుగులో ఎందుకు, ఎట్లా, ఎప్పుడు అని వంద అడుగుతుంది, అవ్వ వందకీ బదులు చెబుతుంది. ఆ ఇంట్లోనే ఇంగ్లీషు మొదలుపెడితే కమ్, ఈట్, సిట్, స్లీప్ దగ్గర ఆగిపోతుంది. పిల్లకు ఇంగ్లీషు రాదు సరికదా, అసలు మాటలే తగ్గిపోతాయి. రేపు బడిలో 'ఎవాపరేషన్' అన్నప్పుడు, ఆరేసిన బట్టల్లో తడి ఎటు పోయిందో ఇంట్లో మాట్లాడుకున్న పిల్లకు కొత్త పేరు ఒక్కటి నేర్చుకుంటే చాలు. ఆ మాటలు జరగని పిల్ల సంగతినీ పేరునూ రెంటినీ ఒకేసారి మోయాలి.

ఇక బడి. గేటు మీద ఇంగ్లీష్ మీడియం అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఇంగ్లీషు జరుగుతుందని కాదు. చాలా చోట్ల టీచరు వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చెప్పి, జవాబు బోర్డు మీద రాస్తారు. పిల్లలు చూసి దింపుకుంటారు. నోట్సు ముత్యాల్లా ఉంటుంది, పిల్ల నోట్లోంచి సొంత వాక్యం ఒక్కటి రాదు. ఒకటో తరగతిలో వెనక బెంచీ మీద ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటామని అడగండి. అందుకు అస్సలు ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

కూర్చున్నప్పుడు టీచరు చేతులు చూడండి. 'పుట్ ద పెన్సిల్ అండర్ ద బాక్స్' అంటూ పెన్సిలూ పెట్టె చూపించి, పిల్లల చేత చేయించి, మళ్లీ పెట్టె పైన పెట్టమని మార్చి అడుగుతున్నారా? అది నేర్పడం. పిల్ల తెలుగులో 'కింద పెట్టినా మేడం' అంటే, మందలించకుండా 'యెస్, ఇట్ ఈజ్ అండర్ ద బాక్స్' అని అదే మాట ఇంగ్లీషులో తిరిగి వినిపిస్తున్నారా? అట్లాంటి క్లాసులో మీ పాప నిలబడుతుంది. తెలుగు మాట్లాడితే జరిమానా, మెడలో అట్టముక్క, నిలబెట్టడం ఉన్న చోట చేర్చొద్దు. పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం.

ఇంకోటి. అక్కడి రెండో తరగతి పిల్లనొకర్ని నోట్సు తెరిచి, పేరా మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమనండి. మొదటి లైను నుంచి అందుకుంటే అది చదవడం కాదు, బట్టీ.

చదువు ఎట్లా మొదలుపెడతారో కూడా అడగాలి. తెలుగులో 'క' అని రాస్తే 'క' అనే పలుకుతాం. ఇంగ్లీషులో అక్షరం పేరు 'సీ', క్యాట్‌లో దాని శబ్దం 'క్', సిటీలో 'స్'. 'సీ ఏ టీ క్యాట్' అని పేర్లే పాడిస్తే కొత్త మాట కనబడగానే పిల్ల ఆగిపోతుంది. శబ్దాలు కలిపి చదివించే బడి అయితే 'మ్యాట్', 'ర్యాట్' తనంతట తనే చదువుతుంది.

భాషాబోధన విద్యార్థి

పైన ఒంగోలు మేడం చెప్పినట్లు, పిల్లల్ని నేరుగా కొత్త భాషలోనే ఉంచి నేర్పే పద్ధతికి ఇమ్మర్షన్ అని పేరు. కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు ఇళ్ల పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో పెట్టారు. ఫ్రెంచి బాగా వచ్చింది, ఇంగ్లీషు చెడలేదు. మన దగ్గర ఈ సంగతి చూపించి ఫీజులు అడిగేవాళ్లు మిగతా సగం చెప్పరు. ఆ టీచర్లకు ఫ్రెంచి ధారాళంగా వచ్చు, పిల్లల ఇంగ్లీషు కూడా అర్థమయ్యేది. మొదట్లో పిల్లలు ఇంగ్లీషులో బదులిచ్చినా ఒప్పుకునేవాళ్లు. రెండో తరగతి నుంచి ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా బడిలోనే నేర్పారు. ఈ లెక్కన మీరు చూసిన బడిలో తెలుగుకు వారానికి ఎన్ని పీరియడ్లు ఉన్నాయో, అది కథలు చదివించే పీరియడో ఒత్తులు రాయించే పీరియడో అడగండి.

మొదటి కొన్ని నెలలు పాప క్లాసులో ఇంగ్లీషు మాట్లాడకపోతే కంగారు పడకండి. చెప్పింది అర్థమై చేస్తోందా అన్నదే చూడాలి. ఆడుకునే ఇంగ్లీషు సుమారు రెండేళ్లలో వస్తుంది, పాఠాల ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అందుకే మూడో తరగతి దాకా గడగడా మాట్లాడిన పిల్లలు నాలుగైదు తరగతుల్లో సైన్సు పాఠం దగ్గర తడబడతారు. మళ్లీ ట్యూషన్‌లో బట్టీయే పట్టిస్తారు, జబ్బు ముదురుతుంది. లెక్కల్లో మార్కులు తగ్గితే అదే లెక్కను తెలుగులో నోటితో అడగండి. చెప్పేసిందంటే లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు. అప్పుడు కావాల్సింది లెక్కల ట్యూషన్ కాదు.

దర్గామిట్ట

కాగితాల సంగతి నేను చెబుతా. మన స్టేట్ సిలబస్‌లో ఐదేళ్లు నిండితే ఒకటో తరగతిలో తీసుకుంటున్నారు. నెల్లూరు కేంద్రీయ విద్యాలయం అనుకుంటే మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి, కాబట్టి మీకు ఈసారి కుదరదు. అక్కడ పాఠాలు హిందీ, ఇంగ్లీషుల్లో సాగుతాయి, అది పాపకు రెండు కొత్త భాషలు. జనన ధ్రువపత్రం, పాప ఆధార్, తల్లి ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఐదేళ్లు నిండాక పాప ఆధార్‌కు వేలిముద్రలు వేయించాలి. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. పాపకు గానీ మీకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు (విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్). ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లున్నాయి. అనాథలు, హెచ్ఐవీ బాధితులు, దివ్యాంగులైన పిల్లలకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6. మీకు వర్తిస్తే నోటిఫికేషన్ కోసం సచివాలయంలో అడుగుతూ ఉండండి.

పెన్నా గట్టు

అందరికీ దండాలు. మున్సిపల్ బడిలో టీచరు ఓపిగ్గా ఉన్నారు, మనసు అటే లాగుతోంది. ఆ రెండు పేజీల పుస్తకాన్ని ఇంట్లో ఎట్లా వాడాలి?

ఒంగోలు ఎస్జీటీ

ముందు రోజు రాత్రే తెలుగు పేజీ చదివి, దాని మీద కబుర్లు చెప్పుకోండి. మర్నాడు బడిలో ఇంగ్లీషు పేజీ వినేటప్పటికి కథ తెలిసి ఉంటుంది, చెవి మాటల మీద పెడుతుంది. సాయంత్రం ఇంగ్లీషు పేజీలో బొమ్మ చూపించి మూడు నాలుగు మాటలు అడిగితే చాలు. రెండు పేజీల్నీ వాక్యానికి వాక్యం ఒకేసారి చదివించొద్దు. పిల్ల తెలుగు వచ్చేదాకా కాచుకొని కూర్చుంటుంది, ఇంగ్లీషు చెవికెక్కదు. పేజీలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. ఇంకా కథలు కావాలంటే స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగువీ ఇంగ్లీషువీ ఉచితంగా ఉన్నాయి, మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టండి.

కోటమిట్ట

మాలాగా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఒక మాట. మా పిల్లలకు ఆ తెలుగు పేజీ కూడా బడి భాషే. పాఠం కథను ముందు ఉర్దూలో నోటితో చెప్పి, తర్వాత తెలుగు పేజీ తీయాలి. చేర్చేటప్పుడే ఇంట్లో ఉర్దూ మాట్లాడతామని టీచరుకు చెప్పండి. లేకపోతే మొదటి నెలల్లో పిల్ల నోరు మెదపకపోతే మందబుద్ధి అనుకొని వెనక కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.