ఆపకుండా రాస్తుంటే ప్రతిసారీ ఒకే చోట పెన్ను ఆగిపోతోంది, ఏం చేయాలి?

నెల రోజులుగా పొద్దున్నే పది నిమిషాలు టైమర్ పెట్టుకుని, మనసుకు ఏది తోస్తే అది రాస్తున్నాను. కొట్టివేతల్లేవు, తిరిగి చదవడం లేదు. ఏమీ తోచకపోతే "ఏం రాయాలో తెలియడం లేదు" అనే మళ్లీ మళ్లీ రాస్తాను. నాకు నిజంగా ఏం కావాలో తెలుసుకోవాలని మొదలుపెట్టాను.

మొదటి ఐదారు నిమిషాలు ఆఫీసు గొడవలే. ఆ తర్వాతే అసలు విషయం పైకొస్తుంది. నిన్న "నాన్న మెచ్చుకుంటారని" అని రాశాను. అంతే, చెయ్యి కదల్లేదు. పెన్ను ఆనించిన చోట ఇంకు చుక్క పెద్దదవుతూ అవతలి పేజీకి దిగింది. వెంటనే వేరే విషయానికి వెళ్లిపోయాను. ఇలా జరగడం ఇది నాలుగోసారి.

అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమను బాధపెట్టిన అనుభవాల గురించి వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కినా, తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. అందుకే మానేయాలని లేదు.

ఇలాంటి చోట మీరు పట్టుబట్టి రాస్తారా, కొన్నాళ్లు వదిలేస్తారా? రాసినవి ఎన్నాళ్లకు తిరిగి చదువుతారు? ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ కూడా ఉంది. చించేస్తే ఫలితం పోతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.