తెల్ల గుడ్డ మీద రెండు రంగులు: మహారాష్ట్రలోని చంద్రపూర్ గాలిలో కాలాన్ని బట్టి ఏం మారుతోంది?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, బల్లార్షా):
మేడ మీద దండేనికి కట్టిన తెల్ల గుడ్డ పుష్యమాసంలో జిడ్డుగా నల్లబడుతోంది; వైశాఖంలో మట్టిరంగుకు తిరుగుతోంది. నల్ల మరక సబ్బు పెట్టి రుద్దినా పూర్తిగా వదలదు, మట్టి మాత్రం రెండు జాడింపులకే బకెట్టు అడుగుకు చేరుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇది గమనించి, రెండు కాలాల్లోనూ పీఎం 2.5 అంకె ఒకటే ఉంటే మనం పీల్చింది ఒకే పదార్థమేనా అని అడిగారు. వారికి ఏమని చెప్పాలి?

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, చంద్రపూర్):
మాస్టారూ, ఒకటి కాదనే చెప్పండి. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్నవైన రేణువుల మొత్తం బరువు మాత్రమే. ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములన్న మన రోజువారీ పరిమితి కూడా బరువుకు పెట్టిందే.

ఆ రేణువుల్లో చాలా భాగం పొగగొట్టంలోంచి రేణువుగా రాదు, గాలిలోనే తయారవుతుంది. బొగ్గు మండగా వచ్చే సల్ఫర్ డయాక్సైడు ఆమ్లంగా మారి, పశువుల మూత్రం నుంచీ పొలాల్లోని యూరియా నుంచీ లేచే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేటు అవుతుంది. వాహనాలు, బాయిలర్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడుల నుంచి ఇదే దారిలో అమ్మోనియం నైట్రేటు పుడుతుంది. నైట్రేటు చలిలో, తేమలో రేణువుగా నిలుస్తుంది. 45 డిగ్రీలు దాటే మన మే నెల మధ్యాహ్నాల్లో తిరిగి అమ్మోనియాగా, నైట్రిక్ ఆమ్లపు ఆవిరిగా విడిపోతుంది. సల్ఫేటు అలా ఆవిరి కాదు. పైగా ఎండ ముదిరేకొద్దీ అది తయారయ్యే వేగమూ పెరుగుతుంది. ఈ రెండు లవణాలూ తెల్లనివి కనుక మీ గుడ్డ మీద వాటి జాడ కనబడదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి, ఎందుకంటే గుడ్డ తెల్లగా ఉంటే గాలి శుభ్రంగా ఉందని వారు అనుకునే ప్రమాదం ఉంది.

చలికాలపు మరకలో నలుపు మసిది, జిడ్డు పొగలోని సేంద్రియ పదార్థానిది. కట్టెలు కాలినప్పుడు సెల్యులోజు విరిగి లెవోగ్లూకోసాన్ అనే పదార్థం ఏర్పడుతుంది. గాలిలోని రేణువులను పట్టే వడపోత కాగితం మీద అది దొరికితే కట్టెల పొగ చేరిందని గుర్తిస్తారు. రాత్రివేళ నేల చల్లబడి, పైన వెచ్చని గాలి పొర మూతలా నిలవడంతో ఆ పొగంతా కిందనే చిక్కుకుంటుంది.

జవాబు (గని ఉద్యోగి, ఘుగ్గుస్):
మేడం గారు చెప్పినదానికి మా వైపు సంగతి ఒకటి చేర్చాలి. ఎండాకాలపు దుమ్ములో సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, ఇనుము ఎక్కువ. అయితే మన దేశపు బొగ్గులో బూడిద తరచుగా 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది, ఆ బూడిదలోనూ ప్రధానంగా ఉండేవి సిలికాన్, అల్యూమినియమే. అందువల్ల ఈ రెండు మూలకాలను మాత్రమే చూసి ఇది రోడ్డు మట్టి, ఇది థర్మల్ కేంద్రపు బూడిద అని తేల్చడం సరికాదు. సూక్ష్మదర్శినిలో బూడిద రేణువులు చాలావరకు గుండ్రంగా, మట్టి రేణువులు కోణాలు తేలి కనిపిస్తాయి.

ప్రశ్న (ఉపాధ్యాయుడు, బల్లార్షా):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రయోగశాల లేని మా బడిలో, కంటికి కనబడని ఆ లవణాలను పిల్లలకు చూపే మార్గం ఏదైనా ఉన్నదా?

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, చంద్రపూర్):
ఉన్నది. మృగశిర కార్తెలో పడే తొలి వానను, వారం పాటు ముసురు పట్టిన తరువాత పడే వానను శుభ్రమైన స్టీలు గిన్నెల్లో విడివిడిగా పట్టండి. చూరు నీళ్లు వద్దు, ఆరుబయట నేరుగా పడిన వానే కావాలి. మట్టి అడుగుకు చేరాక పైతేటను, నీటి శుద్ధి యంత్రాలవారు వాడే టీడీఎస్ మీటరుతో కొలవండి. తొలి వానలో అంకె సాధారణంగా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే గాలిలో పేరుకున్న లవణాలు ఆ నీటిలో కరిగి దిగుతాయి. కరిగిన మట్టి లవణాలు కూడా ఆ అంకెలో కలుస్తాయి కనుక దానిని సల్ఫేటు కొలతగా రాయవద్దు. కరిగిన లవణాల మొత్తమని మాత్రమే రాయించండి.