డ్రగ్స్ కేసు ఉన్న నటికి జాతీయ కళాకారిణి గౌరవం ఇవ్వొచ్చా? నోరా ఔనోర్ విషయంలో మీరేమంటారు

దావావో_మెడికో
అందరికీ నమస్తే. మాది నరసరావుపేట, ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో దావావోలో మెడిసిన్ చదువుతున్నా. మా మెస్‌లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే మీ ముందు పెడుతున్నా. నోరా ఔనోర్ అని ఇక్కడ పెద్ద నటి, జనం సూపర్‌స్టార్ అంటే చాలు ఆవిడే. 2025 ఏప్రిల్ 16న 71 ఏళ్ళకి చనిపోయారు. బికోల్ ప్రాంతంలో ఇరిగా అనే ఊళ్ళో పేదింట్లో పుట్టి, చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో ప్రయాణికులకి మంచినీళ్ళు అమ్మిన పిల్ల, 1967లో పాటల పోటీలో గెలిచి సింగరై, అక్కణ్ణుంచి సినిమాలకొచ్చి, టీవీలో సూపర్‌స్టార్ పేరుతోనే ఏళ్ళ తరబడి సొంత షో నడిపారు. సరే, 2005లో లాస్ ఏంజిలిస్ ఎయిర్‌పోర్ట్‌లో ఆవిడ దగ్గర మెత్ అనే డ్రగ్ దొరికింది, ఇక్కడ దాన్ని షాబు అంటారు, అరెస్ట్ చేశారు. 2014లో జాతీయ కళాకారుల లిస్టులో ఆవిడ పేరు పైకి వెళ్తే అప్పటి ప్రెసిడెంట్ బెనిగ్నో అకీనో ఆ కేసు చూపించి పక్కన పెట్టేశారు. 2018లోనూ రాలేదు. చివరికి 2022 జూన్‌లో, అకీనో తర్వాత ప్రెసిడెంట్ అయిన దుతెర్తే దిగిపోయే ముందు ఇచ్చారు. 2014లో ఆపడం కరెక్టేనా? నా మటుకు నాకు అది పెద్ద తప్పు.

కృష్ణాతీరం
తమ్ముడూ, నేను అకీనో వైపే. అవార్డు వేరు, జాతీయ కళాకారుడు అన్న గౌరవం వేరు. దాంతో నెలనెలా ప్రభుత్వం డబ్బిస్తుంది, వైద్యం ఖర్చు చూస్తుంది, పోయాక అధికార లాంఛనాలు చేస్తుంది. అంటే దేశం మొత్తం లేచి నిలబడి ఈమె మా మనిషి అని చెప్పడం అన్నమాట. షాబు కాలేజీ పిల్లల్ని తినేస్తున్న దేశంలో ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చున్నవాడు సంతకం పెట్టేముందు ఆలోచించాడు, అందులో తప్పేముంది? ఆమె నటన గొప్పది కాదని ఆయనా అనలేదు, నేనూ అనట్లేదు. అదే తరంలో విల్మా సాంటోస్ ఉంది కదా, ఈమెకి పోటీ, వాళ్ళిద్దరి ఫ్యాన్స్ కొట్టుకునేవాళ్ళు. ఆవిడ లిపా మేయర్ అయింది, బటాంగాస్ గవర్నర్ అయింది, పేరు చెడకుండా నిలబెట్టుకుంది. క్రమశిక్షణకి కూడా ఒక విలువ ఉండాలి.

పాత_రీళ్ళు
కృష్ణాతీరం గారూ, ఆవిడ సినిమా ఒక్కటైనా చూశారా? కోపంతో అడగట్లేదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నా. నేను బోనా చూశా, 1980ది, లీనో బ్రోకా డైరెక్షన్, సొంత బ్యానర్ మీద ఆవిడే తీయించుకున్న సినిమా. 2024లో బాగుచేసిన ప్రింట్ కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. సినిమాల్లో చిన్నాచితకా వేషాలేసే ఒకడి మీద పిచ్చి అభిమానంతో ఇల్లొదిలేసి వాడి బస్తీ గుడిసెలో పనిమనిషిలా బతికే అమ్మాయి పాత్ర. నీళ్ళు మోసుకొస్తుంది, వాడి స్నానానికి పొయ్యి మీద కాస్తుంది, వేడి చూసి కలిపి పోస్తుంది. అదంతా ఎంత మామూలుగా చేస్తుందంటే నటిస్తోందనే అనిపించదు, మా వీధి కుళాయి దగ్గర చూసిన పిల్లలాగే ఉంటుంది. చివర్లో వాడు ఇంక నువ్వొద్దు అని వెళ్ళిపోతున్నప్పుడు అదే గిన్నెలో మరిగే నీళ్ళు ఎత్తి వాడి మీద పోస్తుంది. ఆ ముఖంలో అరుపులేమీ ఉండవు, నాకు మాత్రం రెండ్రోజులు నిద్ర పట్టలేదు. స్టేషన్లో నీళ్ళమ్మిన పిల్ల చేతులు అవి, ఆ బరువు ఆ చేతులకి తెలుసు.

ఇంకోటి. అప్పట్లో అక్కడ హీరోయిన్ అంటే స్పానిష్ రక్తం కలిసిన తెల్లటి పొడుగుపిల్లే. ఈవిడేమో పొట్టి, చామనఛాయ. ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలు, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తెర మీద మొదటిసారి తమలాంటి ముఖం చూసుకున్నారు. మనకి ఇప్పటికీ ఆ రోజు రాలేదు, హీరోయిన్ అంటే ముంబై నుంచి దిగాల్సిందే. ఒక దేశం తన రంగుని తాను చూసుకునేలా చేసిన మనిషి జాతీయ కళాకారిణి కాకపోతే ఇంకెవరండీ అయ్యేది?

కృష్ణాతీరం
ఆవిడ హిమాలా సినిమా చూశా సార్, కొండ మీద మైకు ముందు నిలబడి అద్భుతమేమీ జరగలేదని ఊరందరి ముందు ఒప్పుకునే ఆ సీను నాకూ గుర్తుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కాబట్టి నటన గురించి గొడవ లేదు. నా బాధ ఇంకోచోట ఉంది, వినండి. 2016 తర్వాత దుతెర్తే డ్రగ్స్ మీద యుద్ధం అన్నాడు. ప్రభుత్వ లెక్కల్లోనే పోలీసుల చేతుల్లో 6,000 మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది బస్తీల్లో పేదోళ్ళు, చిన్న చిన్న పొట్లాలతో దొరికినవాళ్ళు. అదే దుతెర్తే అదే షాబు కేసున్న నటికి సంతకం పెట్టాడు. పేరుంటే క్షమాపణ, పేరు లేకపోతే బుల్లెట్టా? ఆ చచ్చిపోయిన పిల్లాడి తల్లి టీవీలో ఈ గౌరవం చూస్తే ఏమనుకోవాలి? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

మానేరు_పోరడు
అన్నా గా ప్రశ్న మంచిగనే ఉన్నది, కానీ గది దుతెర్తేని అడగాలె, నోరమ్మని కాదు. ఆమెకి అమెరికాల దొరికింది న్యాయం, జైలుకు పంపకుంట మాన్పిచ్చే ప్రోగ్రాంల పెట్టిన్రు. బస్తీ పిల్లలకు గూడ గదే దొరకాల్సి ఉండె. వాళ్ళని చంపిన్రని ఈమెకు గౌరవం బంద్ పెడితే వాళ్ళకు ఒరిగేదేమున్నదే?

ఇంకో ముచ్చట చెప్త. గీ లిస్టు ఎట్ల తయారైతదో ఎవ్వరు మాట్లాడుతలేరు. అక్కడ రెండు సంస్థలు, సంస్కృతి కమిషన్ ఒకటి, కల్చరల్ సెంటర్ ఒకటి, కళాకారులు నిపుణులు కూసొని వడపోసి పేర్లు పంపుతరు, ప్రెసిడెంట్ ప్రకటిస్తడు. 2009ల అరోయో అనే ప్రెసిడెంటమ్మ ఆ లిస్టులో లేనోళ్ళ పేర్లు నాలుగు తానే జొప్పించింది, రామోన్ సాంటోస్ అనే సంగీతకారుని పేరు తీసేసింది. కళాకారులు రోడ్డు మీదికొచ్చిన్రు, సుప్రీంకోర్టుకు పోయిన్రు, 2013ల కోర్టు ఆ నాలుగు పేర్లు కొట్టేసింది. తెల్లారి ఏడు 2014ల అకీనో ఆ రామోన్ సాంటోస్‌కు ఇచ్చిండు, మంచిదే, కానీ అదే లిస్టుల నోరమ్మని తీసేసిండు. పేరు జొప్పిచ్చుడు తప్పైతే పేరు తీసుడు ఎట్ల ఒప్పైతదో నాకు సమజ్ కాలే.

పాత_రీళ్ళు
ఇది కరెక్ట్ పాయింట్. ఇంకో విచిత్రం చూడండి, బోనా తీసిన బ్రోకాకి 1997లో ఇచ్చారు, హిమాలా తీసిన ఇష్మాయెల్ బెర్నాల్‌కి 2001లో ఇచ్చారు, ఇద్దరికీ పోయాకే అనుకోండి. హిమాలా రాసిన రికీ లీకి 2022లో ఈవిడతో పాటే వచ్చింది. అంటే తీసినవాళ్ళు జాతీయ కళాకారులు, ఆ సినిమాని మోసిన ముఖం మాత్రం ఇరవై ఏళ్ళు గుమ్మం బయట.

గోదారి_ఆడపడుచు
నేను మామూలుగా ఇక్కడ రాయను, చదివి వెళ్ళిపోతా. ఈరోజు రాయాలనిపించింది. మా అమ్మ పదకొండేళ్ళు కువైట్‌లో ఖద్దామా పని, అంటే ఇంటి పని, చేసింది. పక్కింట్లో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేదట, ఇద్దరికీ భాష రాదు, అరబ్బీలో నాలుగు ముక్కలతో కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఆవిడ పాత క్యాసెట్ తెచ్చి ఒక సినిమా పెట్టి, మొదట్నుంచి చివరదాకా ఏడుస్తూనే ఉందని అమ్మ చెప్పేది. ఫ్లోర్ కాంతెంప్లాసియోన్ కథ అది. సింగపూర్‌లో ఇంటి పని చేసుకునే ఫిలిప్పీన్స్ తల్లి, హత్య కేసులో 1995 మార్చి 17న ఉరి తీశారు, దేశమంతా రోడ్ల మీదికొచ్చింది. అదే ఏడాది సినిమా వచ్చింది, ఆ తల్లిగా చేసింది ఈ నోరా ఔనోరే, కైరో ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి కూడా ఇచ్చారు. మా అమ్మకి మాట ఒక్కటీ అర్థం కాకపోయినా పిల్లల్ని జైల్లో చూసే చోట తనూ ఆపుకోలేకపోయిందట. అప్పటికి నేను మూడో తరగతి, అమ్మమ్మ దగ్గర ఉన్నా. ఆ పక్కింటావిడకి ఈ నటి దగ్గర ఏం దొరికిందో నేను అడగక్కర్లేదు. ప్రెసిడెంట్ సంతకం పెట్టినా పెట్టకపోయినా ఆవిడకి తేడా లేదు, కానీ పెట్టనప్పుడు మాత్రం చేసిన అవమానం అలాంటివాళ్ళందరికీ తగిలిందని నా నమ్మకం.

దావావో_మెడికో
అక్కా, చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

కృష్ణాతీరం గారూ, ఒక్క మాట. వ్యసనం జబ్బు అని మాకు క్లాసులో చెప్తారు, వార్డుల్లో చూస్తున్నాం కూడా. 2005 తర్వాత ఆవిడ ఏం చేశారో చూడండి. 2010లో ఒక కాస్మెటిక్ ప్రొసీజర్ తర్వాత పాడే గొంతే పోయింది, పాటతో పైకొచ్చిన మనిషికి! అయినా 2012లో బ్రియాంతె మెండోజా సినిమాలో, ఇక్కడ మా మిందనావో చివర తావీ తావీ దీవుల్లో పిల్లలు లేని మంత్రసాని పాత్ర చేశారు, మాటలు చాలా తక్కువ, అంతా కళ్ళతోనే. మొగుడికి పిల్లలు కావాలని తనే రెండో పెళ్ళికూతుర్ని వెతుకుతుంది. దానికి 2013లో ఆసియన్ ఫిల్మ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటి. పడిపోయాక లేచి ఇంత చేసిన మనిషిని 2014లో మళ్ళీ ఆ ఎయిర్‌పోర్ట్‌కే లాక్కెళ్ళి నిలబెట్టారు, నాకు అదీ నచ్చనిది.

కృష్ణాతీరం
అమ్మా ఆడపడుచూ, మీరు రాసింది చదివాక గట్టిగా మాట్లాడ్డానికి నోరు రావట్లేదు. మానేరు తమ్ముడు చెప్పిన 2009 సంగతి నాకు తెలీదు, అది బలమైన పాయింటే, నిపుణులు పంపిన పేరు ప్రెసిడెంట్ సొంతంగా తీసేయకూడదు అన్నంతవరకు ఒప్పుకుంటా. కానీ బస్తీ పిల్లాడి తల్లి ప్రశ్న వెనక్కి తీసుకోను, అది అలాగే ఉంటుంది. బోనా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఈ ఆదివారం చూస్తా.

దావావో_మెడికో
లింక్ మెసేజ్ చేస్తా సార్. మీ ప్రశ్న మా ఓనర్ ఆతేని కూడా అడిగా, ఆతే అంటే అక్క అని ఇక్కడ. ఆవిడ పుట్టు విల్మా ఫ్యాన్, నోరా పేరెత్తితే చిన్నప్పట్నుంచీ గొడవే. ఏప్రిల్ 22న టీవీలో అంత్యక్రియలు, సైనిక వీరుల శ్మశానంలో పెడుతుంటే ఆతే అన్నం వండడం ఆపేసి నిలబడి చూసింది. షాబు కేసు ఉంది కదా ఆతే అంటే, మా అన్నకి కూడా ఉంది అంది. అంతే, టీవీ సౌండ్ పెంచింది.