ఆట మధ్యలో ఉండగా ఆపించడం తప్పా?

హరివిల్లు:
మా బాబుకి పదేళ్లు. రోజూ గంటసేపు వీడియో గేమ్ ఆడుకోవచ్చని ఒప్పందం. గంట కాగానే దానంతట అదే ఆగిపోయేలా పేరెంటల్ కంట్రోల్ పెట్టాను. నిన్న ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ ఆటలో వాడూ, వాడి స్నేహితులూ దాదాపు చివరిదాకా నిలిచారు. ఐదు నిమిషాల ముందు హెచ్చరిక వచ్చింది. వాడు చూసీ చూడనట్టు వదిలేశాడు. టైమ్ అవగానే స్క్రీన్ ఆగిపోయింది. మాట్లాడుకోవడానికి పక్కన ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టుకుంటారు, అందులోంచి "ఎక్కడికి పోయావురా, రారా" అని అవతలి పిల్లల కేకలు. వాడు కంట్రోలర్‌ని మంచం మీదకి విసిరికొట్టి ఒకటే ఏడుపు. మావారు "ఇంకో ఐదు నిమిషాలు ఇస్తే ఏం పోయేది?" అన్నారు. నేను చేసింది సరైనదేనని నా నమ్మకం. మీరేమంటారు?

తూర్పుగాలి:
టైమంటే టైమే. మీరు చేసింది కరెక్ట్.

మూడోబటన్:
హరివిల్లు గారూ, నేను చిన్నప్పటి నుంచీ గేమ్స్ ఆడుతున్నవాణ్ణి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రిని. ఆటలన్నీ ఒకలా ఉండవండీ. మైన్‌క్రాఫ్ట్ ఒక్కడే ఆడుకుంటుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు పాజ్ చేయొచ్చు. కట్టిన ఇల్లు ఎక్కడికీ పోదు, రేపు వచ్చి మిగతాది కట్టుకుంటాడు. ఫోర్ట్‌నైట్‌లో 100 మంది దాకా ఒకేసారి దిగుతారు, పాజ్ అనేదే ఉండదు. చివరిదాకా నిలిస్తే ఒక మ్యాచ్‌కి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. ఓడిపోతూ ఉంటే మూడు నిమిషాల్లోనే అయిపోవచ్చు. మధ్యలో మాయమైతే నష్టం వాడొక్కడికే కాదు, జట్టుకి కూడా. కొన్ని పోటీ ఆటల్లో అయితే మధ్యలో వదిలేసినవాళ్లని కాసేపటిదాకా మళ్లీ ఆడనివ్వరు. అందుకే నిమిషాలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టండి. టైమ్ దగ్గర పడ్డాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టింది పూర్తి చేయొచ్చు. పిల్లలు ఆ నియమాన్ని గౌరవిస్తారు, ఎందుకంటే అందులో న్యాయం ఉంది.

సూటిమాట:
ఈ మ్యాచ్ లెక్కలన్నీ పిల్లలు పెద్దల చేత ఒప్పించుకునే లెక్కలు. "ఇది తొందరగా ఓడిపోయాను, లెక్కలోకి రాదు" అంటారు. తర్వాత "ఇప్పుడే మొదలైంది" అంటారు. గంట అంటే గంట. ఐదు నిమిషాల ముందు హెచ్చరిక వచ్చిందని ఆవిడే చెప్తున్నారు. అయినా ఆపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్‌ని ఊరికే రోగమనలేదు.

మూడోబటన్:
ఆ సంస్థ అన్నది అది కాదు. వాళ్ల రోగాల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉన్న మాట నిజమే. కానీ ఆ పేరు పెట్టాలంటే ఆట మీద అదుపు తప్పాలి, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందవ్వాలి, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానలేకపోవాలి. దానివల్ల చదువో, ఇంట్లోవాళ్లతో సంబంధాలో బాగా దెబ్బతినాలి, అదీ మామూలుగా 12 నెలల పాటు. ఒక సాయంత్రం ఏడ్చిన పిల్లాడికి ఆ పేరు తగిలించకండి.

సూటిమాట:
ఆ బాబుకి రోగం ఉందని నేను అనలేదు. అక్కడిదాకా పోకుండా ఆపాలంటున్నాను. గంట అంటే గంట.

తూర్పుగాలి:
చైనాలో 2021 నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకి ఆన్‌లైన్ ఆటలు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకానే. అక్కడ ప్రభుత్వమే గంట పెట్టింది.

మూడోబటన్:
దక్షిణ కొరియాలో 16 ఏళ్లలోపు వాళ్లకి అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ గేమ్స్ ఆపేస్తూ 2011లో నిబంధన తెచ్చారు. తర్వాత దాన్ని ఎత్తేసి నిర్ణయం తల్లిదండ్రులకీ పిల్లలకీ వదిలేశారు. ఆ సంగతీ చెప్పండి.

పుస్తకాలపురుగు:
అందరూ నిమిషాల మీదే పడ్డారు. ఏ ఆట ఏ వయసు నుంచి ఆడొచ్చో చెప్పే సంస్థలు ఉన్నాయి. ఫోర్ట్‌నైట్‌కి ఐరోపాలో పెగీ ఇచ్చిన రేటింగ్ 12. అమెరికాలో ఈఎస్‌ఆర్‌బీ 'టీన్' అంటుంది, అంటే 13 నుంచి. బాబుకి పదేళ్లు. పైగా రేటింగ్ ఇచ్చేది ఆటలో ఉన్నదాన్ని చూసి. అవతలి మనిషి మైక్‌లో ఏం మాట్లాడతాడో ఏ రేటింగూ చెప్పలేదు. ముందు దీని గురించి మాట్లాడరేం?

హరివిల్లు:
తెలియనివాళ్లతో వాయిస్ చాట్ మొదటి రోజే మూసేశాను, అందుకే ఆ ఫోన్ కాల్. ఇక వయసంటారా, వాడి స్నేహితులంతా ఆడేది అదే. వద్దంటే సాయంత్రం వాడితో మాట్లాడేవాళ్లే ఉండరు.

తెల్లకాగితం:
టైమ్ సంగతి సరే, డబ్బు చూసుకోండి. మా అమ్మాయి ఆడే గేమ్‌లో, పేరు చెప్పను, నా కార్డు వివరాలు సేవ్ అయి ఉన్నాయి. బొమ్మకి కొత్త డ్రెస్సులని నొక్కుకుంటూ పోయింది. మళ్లీ కార్డు నంబర్ అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. బిల్లు వచ్చాక ఇంట్లో పెద్ద గొడవ. తిట్లు పడింది పిల్లకి, అలా తయారుచేసినవాళ్లకి కాదు. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసుల్లో ఆ కంపెనీ 2022లో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు వద్దనుకున్న కొనుగోళ్లకి డబ్బు పోగొట్టుకున్నవాళ్లకి తిరిగివ్వడానికే. ఒక్క బటన్ నొక్కితే కొనేసేలా పెట్టారన్నదే అక్కడి ఆరోపణ.

తూర్పుగాలి:
కార్డు తీసేయండి, సరిపోతుంది. అసలు విషయానికి రండి.

సూటిమాట:
అసలు విషయం ఒక్కటే. మూడోబటన్ గారిలాంటి నాన్నలు పిల్లలతో కలిసి ఆడేసి మంచివాళ్లు అనిపించుకుంటారు. పొద్దున్నే లేవని పిల్లాణ్ణి లేపి స్కూలుకి పంపేది ఎవరు?

మూడోబటన్:
నా ఇంటి సంగతి మీకు తెలియదు, మాట తూలకండి. మా పిల్లలు ఏ గేమ్‌లో ఎవరితో ఆడుతున్నారో నాకు తెలుసు, ఎందుకంటే పక్కన కూర్చుంటాను. మీ పిల్లలు ఏం ఆడుతున్నారో మీరు ఒక్కసారైనా చూశారా? టైమర్ పెట్టేసి పక్కకి తప్పుకోవడాన్ని పెంపకం అనరు.

సూటిమాట:
తప్పుకోవడమా? ఇద్దరు పిల్లలు, నేనొక్కదాన్నే. పని ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అప్పటిదాకా వాళ్లు మా అమ్మ దగ్గర ఉంటారు. ఆవిడకి ఏ మ్యాచ్ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో తెలియదు. పిల్లలు "ఇదే చివరిది అమ్మమ్మా" అంటే నమ్ముతుంది. మీరు చెప్పే లెక్క నడవాలంటే పక్కన ఆట తెలిసిన మనిషి ఉండాలి. మీ ఇంట్లో మీరున్నారు. నా దగ్గర ఉన్నది టైమర్ ఒక్కటే. నేను లేనప్పుడు నా మాట చెల్లించేది అదే.

పుస్తకాలపురుగు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది సూటిమాట గారూ. ఇంతసేపూ మీరిద్దరూ వేరే వేరే ఇళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

హరివిల్లు:
సూటిమాట గారూ, మీరన్నది చదివాక నాకు కోపం దేనికో తెలిసింది. మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం. కన్సోల్ కొని తెచ్చింది మావారు. ఆదివారం వాడితో కలిసి ఆడేదీ ఆయనే, నవ్వులు నాకు వంటింట్లోకి వినిపిస్తాయి. ఆపమనేది మాత్రం రోజూ నేనే. నిన్న ఐదు నిమిషాలు ఇవ్వాలని ఆయనకి అనిపిస్తే, వెళ్లి వాడి పక్కన కూర్చుని, మ్యాచ్ అవగానే తనే ఆపించొచ్చు కదా? సోఫాలోంచి కదలకుండా వాడి ముందే నన్ను తప్పుపట్టారు. వాడు ఏడుస్తూ ఆయన వైపు చూశాడు, నా వైపు చూడలేదు. నాకు మండింది అందుకు.

మూడోబటన్:
పిల్లాడి ముందు అలా అనకూడదు, ఎవరైనా సరే. సూటిమాట గారూ, మీరు ఇంట్లో లేని వేళల్లో మధ్యలో ఆగిపోయినా ఏమీ పోని ఆటలే ఉంచండి, మైన్‌క్రాఫ్ట్‌లాంటివి. ఆన్‌లైన్ మ్యాచ్‌లు మీకు సెలవున్న రోజుకి పెట్టుకోండి. టైమర్‌తో గొడవ చాలావరకు తగ్గుతుంది. హరివిల్లు గారి ఇంటి విషయంలో మాత్రం నా మాట మారదు. ఆట తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండగా మెషీన్ చేత ఎందుకు ఆపించాలి?

సూటిమాట:
మొదటిది పనికొచ్చేలా ఉంది, చూస్తాను. రెండోది ఒప్పుకోను. తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే చాలదు, లేచి వెళ్లి ఆపించాలి. ఆవిడ అడుగుతున్నది అదే.

హరివిల్లు:
ఈ చర్చంతా మావారి చేత చదివించాను. కాసేపు ఏమీ అనలేదు. ఇకనుంచి పేరెంటల్ కంట్రోల్ యాప్ ఆయన ఫోన్‌లో ఉంటుంది. గంటా, మ్యాచ్‌లా అన్నది ఆయనే వాడితో తేల్చుకుంటారు, ఆపించేదీ ఆయనే. పుస్తకాలపురుగు గారు అడిగిన వయసు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. వాడి స్నేహితుల అమ్మలతో ఈ వారం మాట్లాడతాను, మా ఒక్క ఇంట్లో మానిపించి లాభం లేదు.